చైన్ దుకాణం వచ్చిన వీధిలో ఇంటింటి మాట సేకరించే పద్ధతి

ఒడిశాలోని బరంపురంలో మా వీధి మొగలో ఉండిన రెండు పాత పెంకుటిళ్ళ స్థలంలో మూడంతస్తుల భవనం లేచి, దాని కింది భాగంలో ఒక సూపర్ మార్కెట్టు, దాని పక్కనే ఒక మందుల చైన్ దుకాణం తెరుచుకున్న నాటి నుంచి ఎవరిని కదిపినా అదే మాట. అయితే అది రెండు పక్షాల వాదన కాదు. ఒకే ఇంట్లో అత్తగారు పాత కిరాణా కొట్టు మూతపడుతుందేమోనని దిగులు పడుతూ ఉంటే, పప్పు ప్యాకెట్టు మీద తేదీ చూసుకొని కొనుక్కొనే వీలు కలిగిందని కోడలు సంతోషిస్తుంది. ఆ ఇంటి అబ్బాయి అక్కడే బిల్లింగ్ కౌంటరులో ఉద్యోగానికి దరఖాస్తు పెట్టుకొని ఉంటాడు. దిగులు పడిన ఆ అత్తగారే నూనె డబ్బా తగ్గింపు ధరకు వస్తున్నదని తెలిస్తే కోడలిని తోడు తీసుకొని వెళ్తారు. ఇటువంటి మనసులను "కావాలా, వద్దా" అన్న ఒక్క ప్రశ్నతో కొలవబోతే చేతికి వచ్చే లెక్క నిజం చెప్పదు. వీధివారి మాటలను ఓపికగా సేకరించి, నగరపాలక సంస్థను, కొత్త దుకాణాన్ని, పాత కొట్టును కూడా అడగదగిన కోరికలను వాటి నుంచి ఎలా తేల్చాలో, రెండు నెలల పాటు చేసి మేము నేర్చుకున్నంత మేరకు ఇక్కడ వివరిస్తున్నాను.

ముందుగా ప్రశ్నను మార్చుకోవాలి

అభిప్రాయం అడగవద్దు, అలవాటు అడగండి. గడచిన వారం రోజుల్లో ఏ సరుకు ఎక్కడ కొన్నారు, అక్కడే ఎందుకు కొన్నారు, ఎవరు వెళ్ళి తెచ్చారు, డబ్బు అప్పుడే ఇచ్చారా లేక ఖాతాలో రాయించారా అన్న నాలుగు ప్రశ్నలు చాలు. మేము మొదట తిరిగిన పది ఇళ్ళ కాగితాలను పక్కన పెట్టవలసి వచ్చింది, ఎందుకంటే ప్రశ్నలు అడిగిన కుర్రవాడు కిరాణా కొట్టువారి బంధువని అందరికీ తెలుసు, అందరూ అతని మనసు నొప్పించని జవాబులే చెప్పారు. కాబట్టి అడిగేవారికి ఏ దుకాణంతోనూ సంబంధం ఉండకూడదు. ఇద్దరు కలిసి వెళ్ళాలి, వారిలో ఒకరు తప్పనిసరిగా స్త్రీ అయి ఉండాలి, ఇంటి యజమానితో మాట్లాడి ఊరుకోకుండా వంటింటి సరుకులు చూసుకొనేవారితో విడిగా మాట్లాడాలి.

భాష విషయంలో అశ్రద్ధ పనికిరాదు. మా గంజాం జిల్లా 1936 ఏప్రిల్ 1 దాకా మద్రాసు రాజధానిలో భాగంగా ఉన్నందువల్ల మా వీధుల్లో తెలుగు ఇళ్ళూ ఒడియా ఇళ్ళూ గోడ పక్క గోడగా ఉన్నాయి, చాలామంది రెండు భాషలూ మాట్లాడతారు. అయినా ఇంటి బాకీ సంగతి, చేతిలో డబ్బు లేని రోజుల సంగతి ఎవరైనా తమ ఇంటి భాషలోనే మనసు విప్పి చెబుతారు. అందుచేత ప్రశ్నల కాగితాన్ని రెండు లిపుల్లోనూ రాయించి, ఏ భాషలో మాట్లాడమంటారని మొదట అడిగి, ఆ తరువాతే కూర్చోవాలి. కొత్త దుకాణంలో బోర్డులన్నీ ఇంగ్లీషులో, ఒడియాలో ఉండడం వల్ల తెలుగు తప్ప మరొక లిపి చదవలేని పెద్దవారు ధర తెలుసుకోవడానికి ఎవరినో ఒకరిని బతిమాలుకోవలసి వస్తున్నదని మాకు ఈ విధంగానే తెలిసింది.

పై నాలుగు ప్రశ్నలకు తోడు ఒక జ్ఞాపకాన్ని కూడా అడగండి. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుపాను మనకు దగ్గరలోని గోపాలపురం వద్ద తీరం దాటిన తరువాత కరెంటు లేని రోజుల్లో బియ్యం, కొవ్వొత్తులు, పిల్లలకు పాలపొడి ఎవరి దగ్గర తెచ్చుకున్నారని అడిగితే, అంతవరకు ముక్తసరిగా మాట్లాడినవారు కూడా అరగంట చెబుతారు. మా వీధిలో చాలా ఇళ్ళవారు చెప్పింది ఒకటే: కిరాణా కొట్టువారు తలుపు ఒక రెక్క తీసి, లాంతరు వెలుగులో తూచి ఇచ్చి, డబ్బు సంగతి తరువాత చూసుకుందామన్నారట. కరెంటు, నెట్‌వర్క్ రెండూ లేకపోతే బిల్లు కొట్టలేని దుకాణం అటువంటి రాత్రి ఏమి చేయగలదన్న ప్రశ్న దాని నుంచి పుట్టింది, ఆ ప్రశ్నను మేము తరువాత కొత్త దుకాణం మేనేజరుకే వేశాము.

పాత కొట్టు మీద ఉన్న కినుకనూ రాయాలి

ఈ పని మొదలుపెట్టేవారిలో చాలామందికి, నాతో సహా, పాత కొట్టు మీద అభిమానం ఉంటుంది. ఆ అభిమానం చెవులను మూసేస్తుంది. కొట్టు ముందు నిలబడి నలుగురు మగవాళ్ళ మధ్య శానిటరీ ప్యాడ్లు అడగడం, దానిని పాత వార్తాపత్రికలో చుట్టి ఇస్తుంటే తలవంచుకొని తీసుకోవడం ఎంత ఇబ్బందో అమ్మాయిలు మాతో వచ్చిన చెల్లెలికి చెప్పారు. సూపర్ మార్కెట్టులో తామే అరలో నుంచి తీసుకొని బుట్టలో వేసుకుంటామని, ఎవరూ ఏమీ అడగరని అన్నారు. ఇళ్ళలో పనిచేసుకొని బతికే ఒకావిడ చెప్పిన మాట నన్ను ఇప్పటికీ వెంటాడుతుంది: కొట్టులో తన వంతు వచ్చినా వెనుక వచ్చిన పెద్దింటివారికి ముందు తూచి ఇస్తారని, కొత్త చోట క్యూలో తన వెనుక ఎవరున్నా తన వంతు తనదేనని ఆమె చెప్పింది. ధర కన్నా ఈ మర్యాద కోసమే ఆమె అక్కడికి వెళ్తున్నది. ఇటువంటి మాటలను ఉన్నవి ఉన్నట్టుగా, మెత్తన చేయకుండా రాసుకోవాలి.

అలాగే అరువు విషయాన్ని అంకెలతో రాయండి. నెలకు ఎంత రాయిస్తారు, ఏ తేదీకి తీరుస్తారు, తీర్చలేని నెలలో ఏమి జరుగుతుంది, ఖాతా ఇళ్ళకు ధరలో తేడా ఉందా అన్నవి అడగాలి. ఖాతా కొట్టు పెద్ద ఆసరా అని నేను గట్టిగా నమ్ముతాను, ఎందుకంటే జీతం చేతికి రాని నెలలో ఏ చైన్ దుకాణమూ మనిషి ముఖం చూసి బియ్యం ఇవ్వదు. అయితే ఖాతా ఉన్నందువల్ల వేరే చోటికి వెళ్ళడానికి మొహమాటపడి, రెండు రూపాయలు ఎక్కువైనా నోరు మెదపలేకపోతున్న ఇళ్ళు కూడా ఉన్నాయి. పేర్లు, ఇంటి నంబర్లు ఈ కాగితాల మీద ఎక్కడా ఉండకూడదు. బాకీ వివరం బయటికి పొక్కిందంటే రెండో ఇంటి తలుపు తెరుచుకోదు.

ధరల పోలిక ఒక్క రోజులో ముగించాలి

మాటలతో పాటు అంకెలూ కావాలి గనుక, వీధిలో ఎక్కువమంది వాడే పది సరుకులను ఎంచుకొని ఒకే రోజున రెండు చోట్లా ధర రాసుకోవాలి. మేము ఉప్పుడు బియ్యం, కందిపప్పు, ఆవనూనె, చింతపండు, బెల్లం, చోడిపిండి, గోధుమపిండి, ఉప్పు, బట్టల సబ్బు, టీపొడి తీసుకున్నాము. ప్యాకెట్టు ధర కాకుండా కిలో ధరను లెక్కగట్టడం ముఖ్యం. చూడడానికి అరకిలోలా ఉండే ప్యాకెట్టులో 450 గ్రాములే ఉండవచ్చు, కాబట్టి దాని మీద ముద్రించిన నికర బరువును చదివి భాగించాలి. 25 కిలోల వరకు ప్యాక్ చేసి లేబుల్ వేసిన బియ్యం, పప్పుల మీద 2022 జూలై 18 నుంచి 5 శాతం జీఎస్టీ అమలులోకి వచ్చిందని, విడిగా తూచి ఇచ్చేవాటికి అది వర్తించదని గుర్తుంచుకుంటే కొన్ని తేడాలకు కారణం దొరుకుతుంది. విడి సరుకు విషయంలో తూకం మీద కూడా కన్ను వేయాలి. ఎలక్ట్రానిక్ కాటాకు తూనికలు కొలతల శాఖవారు ఏడాదికొకసారి పరీక్షించి ముద్ర వేయాలి, ఆ ముద్ర ఉందా లేదా అన్నది కొనేవారు ఎవరైనా అడిగి చూడవచ్చు. మా పోలికలో సబ్బు, టీపొడి, నూనె కొత్త దుకాణంలో చౌకగా, చింతపండు, బెల్లం, బియ్యం పాత కొట్టులో చౌకగా తేలాయి. వేరే వీధిలో ఇలాగే ఉండాలని లేదు.

సంచి ఖరీదును కూడా లెక్కలో చేర్చండి. ముందుగా చెప్పకుండా బిల్లు దగ్గర సంచికి డబ్బు వసూలు చేయడం అనుచిత వ్యాపార పద్ధతి అని జాతీయ వినియోగదారుల కమిషన్ 2020 డిసెంబరులో తీర్పు ఇచ్చింది. ఇటువంటి ఫిర్యాదులకు 1915 నంబరుకు ఫోను చేయవచ్చు.

గుమ్మానికి అవతలివారిని మరచిపోకూడదు

ఇళ్ళు పూర్తయిన తరువాత కిరాణా కొట్టువారిని, కూరగాయల బండ్లవారిని, చైన్ దుకాణంలో పనిచేసే పిల్లలను విడివిడిగా కలవాలి. బండ్లవారి సంగతి అన్నింటికన్నా ముందు చూడవలసినది, ఎందుకంటే దుకాణం ముందు కార్లు నిలిపే చోటు కోసం మొదట కదిలించేది వారినే. 2014 నాటి వీధి వ్యాపారుల చట్టం ప్రకారం సర్వే జరగకుండా, విక్రయ ధ్రువపత్రాలు ఇవ్వకుండా వారిని తొలగించరాదు. స్థలం మార్చవలసి వస్తే 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. వీధి వ్యాపారాల సంగతి చూసే పట్టణ విక్రయ కమిటీలో కనీసం 40 శాతం మంది వీధి వ్యాపారుల ప్రతినిధులే ఉండాలని కూడా ఆ చట్టం చెబుతుంది. తమకు ధ్రువపత్రం ఉందో లేదో ఒక్కొక్కరినీ అడిగి, లేనివారి జాబితా ఒకటి తయారు చేయడం మీ పనిలో అతి ముఖ్యమైన ఫలితం కావచ్చు.

కౌంటరులో నిలబడే అమ్మాయిలు మన వీధి పిల్లలే. వారి ఉద్యోగం పోవాలని ఎవరూ కోరుకోరు. తొమ్మిది పది గంటలు నిలబడే ఉండాలని, స్టూలు లేదని వారు చెబితే దానినీ రాసుకోండి. దుకాణాల్లో పనిచేసేవారు కూర్చొనే హక్కును కేరళ 2018లో, తమిళనాడు 2021లో చట్టంలో చేర్చాయి. మన దగ్గర అటువంటిది అడగడానికి ఆ రెండింటినీ ఉదాహరణగా చూపవచ్చు. వారితో మాట్లాడడం దుకాణం లోపల కాకుండా ఇంటి దగ్గరే జరగాలి.

కిరాణా కొట్టువారితో మాట్లాడేటప్పుడు సానుభూతి చూపించి వచ్చేయకుండా పనికివచ్చే రెండు విషయాలు చెప్పిరండి. చిల్లర, టోకు వ్యాపారులు కూడా చిన్న సంస్థలను నమోదు చేసే కేంద్ర ప్రభుత్వ ఉద్యమ్ పోర్టల్‌లో నమోదు చేసుకోవచ్చునని 2021 జూలైలో కేంద్రం అనుమతించింది, బ్యాంకు రుణానికి అది పనికొస్తుంది. రెండవది, అమ్మాయిలు, పనివారు చెప్పిన కినుకను పేర్లు లేకుండా వారికి వినిపించాలి. మా వీధి కొట్టు యజమాని ఆ మాట విని చాలాసేపు మౌనంగా ఉండి, మరుసటి వారం ప్యాడ్లు, సబ్బులు, పౌడర్లు చేతికి అందే అరలోకి మార్చి, ధరల పలకను తెలుగులో, ఒడియాలో రాయించి పెట్టారు.

కోరికలు ఎవరికి, ఎలా పెట్టాలి

మాటలన్నీ చేరిన తరువాత వాటిని "ఎవరు మార్చగలరు" అన్న లెక్కన విడదీయాలి. తెలుగు ధరల బోర్డు, సంచి ధర ముందుగా చెప్పడం, కౌంటరులో స్టూలు వంటివి దుకాణం మేనేజరు పరిధిలోనివి. ఆయన స్థాయిలో కుదరకపోతే రాతపూర్వకంగా ఇచ్చి, పై కార్యాలయానికి పంపినట్టు రసీదు తీసుకోవాలి. వాహనాల నిలుపుదల, కాలువ మీద వేసిన మెట్లు, రాత్రిపూట సరుకు లారీలు నగరపాలక సంస్థ పరిధిలోనివి. కొత్త భవనానికి ఆమోదించిన ప్లానులో పార్కింగు ఎక్కడ చూపారో తెలియకపోతే, 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద 10 రూపాయల రుసుముతో అడగవచ్చు. 30 రోజుల్లో జవాబు రావాలి. ఒడిశాలో ఈ దరఖాస్తును నిర్ణీత ఫారం "ఎ"లో పెట్టాలి గనుక తెల్లకాగితం మీద రాసి తిప్పి పంపించుకోవద్దు. మూడు లక్షలు, అంతకు మించి జనాభా ఉన్న పురపాలక ప్రాంతాల్లో వార్డు కమిటీలు ఉండాలని రాజ్యాంగం 243ఎస్ అధికరణం చెబుతుంది, 2011 జనాభా లెక్కల నాటికే బరంపురం మూడున్నర లక్షలు దాటింది. కాబట్టి మీ కాగితాన్ని కార్పొరేటరు చేతికి ఇచ్చి ఊరుకోకుండా, వార్డు కమిటీ సమావేశంలో చదవడానికి అవకాశం అడగండి.

విన్నపంలో ఐదు కోరికలకు మించవద్దు. "చైన్ దుకాణాలు వద్దు" అన్న వాక్యాన్ని మేము చర్చించి తీసివేశాము, ఎందుకంటే మేము తిరిగిన ఇళ్ళలో సగానికి పైగా ఏదో ఒక సరుకు అక్కడే కొంటున్నాయి. వారి సంతకం లేని విన్నపం వీధి విన్నపం అనిపించుకోదు.

ఏమి తేలిందో ఒక పెద్ద కాగితం మీద రెండు భాషల్లో రాసి, రామమందిరం అరుగు దగ్గరో, బోరింగు దగ్గరో అంటించి, తప్పులు చెప్పమని వారం రోజులు గడువు ఇవ్వండి. మా కాగితం మీద ఎవరో పెన్సిలుతో "మందుల దుకాణం రాత్రి పదకొండు వరకు తెరిచి ఉంటున్నది, అది రాయలేదేమి?" అని రాసి వెళ్ళారు. అది న్యాయమైన మాట. మేము దానిని ఎర్ర సిరాతో చేర్చి, ఏడాది తరువాత మళ్ళీ ఇవే ఇళ్ళకు ఇవే ప్రశ్నలతో వెళ్ళడానికి తేదీ కూడా దాని కిందనే రాసిపెట్టాము.