‘ఓన్లీ’ ఎక్కడ పెట్టాలి, ఎక్కడ తీసేయాలి

మా బాబాయి కొడుకు హిందూపురం నుంచి బెంగళూరు వచ్చి ఆర్నెల్లయింది. మారతహళ్లిలో నా రూమ్‌లోనే ఉంటాడు. "యాడున్నావురా?" అని నేను ఫోన్ చేస్తే "ఈడే ఉండానన్నా" అంటాడు. అదే మాట మేనేజర్‌కు చెప్పాల్సి వస్తే "హియర్ ఓన్లీ సర్". వాడిని తప్పుపట్టడానికి నాకు నోరు రాదు. పదకొండేళ్ల కిందట నేను దెబ్బ తిన్నదీ ఈ మాటతోనే.

అప్పుడు నాది పేరోల్ పని. లండన్‌లో ఉన్న క్లయింటుకు ఒక రిపోర్టు పంపాలి. మంగళవారం మెయిల్ కొట్టాను: "వీ విల్ సెండ్ ఇట్ ఆన్ ఫ్రైడే ఓన్లీ." నా మనసులో ఉన్నది "శుక్రవారమే పంపించేస్తాం, ఆలస్యం కాదు" అని. అవతలి ఆవిడకు అర్థమైంది "శుక్రవారం తప్ప ఇంకెప్పుడూ పంపం" అని. ముందు పంపడానికి మీకొచ్చిన ఇబ్బందేమిటి అంటూ, మా మేనేజర్‌ను కాపీలో పెట్టి మరీ రాసింది. ఆ రోజంతా టెన్షన్.

తమాషా ఏమిటంటే, మా టీమ్‌లో ఎవరికీ ఆ మెయిల్లో తప్పు కనపడలేదు. కన్నడంలో "ఇల్లే ఇదీని", తమిళంలో "ఇంగదాన్ ఇరుక్కేన్". ఒత్తి చెప్పే ముక్క మాట చివరే అతుక్కుంటుంది, మన ‘ఏ’ లాగా. అందరం దాన్నే ఇంగ్లీషులోకి దించుకుంటాం కాబట్టి ఈ ఊళ్లో ఎవరి ఓన్లీ అయినా అందరికీ అర్థమైపోతుంది. ఊరు దాటితేనే చిక్కు.

మన ‘ఏ’ రెండు పనులు చేస్తుంది. "ఇడ్లీలే తిన్నాను" అంటే వేరేవి తినలేదని. "నిన్ననే చెప్పాను" అంటే మొన్న చెప్పలేదని కాదు, నిన్న అన్నదాన్ని నొక్కుతున్నామంతే. ఇంగ్లీషు ఓన్లీ మొదటి పనికే పుట్టింది. పాత ఇంగ్లీషులో ‘ఒకటి’ అనే మాటలోంచి వచ్చింది అది. ఒకటి ఉంచి మిగతావి గెంటేయడం దాని స్వభావం.

అందుకని రాసే ముందు తెలుగులో ఒక పరీక్ష చేయండి. ‘ఏ’ తీసేసి ‘మాత్రమే’ పెట్టండి. "ఇడ్లీలు మాత్రమే తిన్నాను" సరిపోయింది, ఓన్లీ వాడొచ్చు. "నిన్న మాత్రమే చెప్పాను" మీరు అనుకున్న మాట కాదు, ఓన్లీ తీసేయండి.

తీసేశాక దాని చోటు ఏం పెట్టాలన్నదే అసలు తలనొప్పి. ఇక్కడే ఉన్నాను అంటే "రైట్ హియర్". ఇప్పుడే వచ్చాను అంటే "జస్ట్ నౌ". అప్పుడే వెళ్లిపోయాడా అని ఆశ్చర్యపోతే "ఆల్రెడీ". ఆయనే చెప్పాడు అంటే "హీ హిమ్‌సెల్ఫ్". శుక్రవారమే పంపిస్తాం అన్నదానికి "బై ఫ్రైడే" అని నేను రాసి ఉంటే ఆవిడకు కోపం వచ్చేదే కాదు. నిన్ననే చెప్పాను కదా అన్నదానికి "ఐ టోల్డ్ యూ యెస్టర్డే" చాలు, యెస్టర్డే మీద గొంతు పెంచితే పని అయిపోతుంది. "ఐ టోల్డ్ యూ ఓన్లీ యెస్టర్డే" అంటే మాత్రం అర్థం మారుతుంది: చెప్పి ఒక్క రోజేగా అయింది అని.

ఇక చోటు. మన ‘ఏ’ మాట వెనక వస్తుంది, రాతలో ఓన్లీ సాధారణంగా మాట ముందుకు వస్తుంది. "ఓన్లీ ఐ పెయిడ్ ద రెంట్" అంటే నేనొక్కడినే కట్టాను, రూమ్మేట్లు ఎగ్గొట్టారు. "ఐ పెయిడ్ ఓన్లీ ద రెంట్" అంటే అద్దె మాత్రమే కట్టాను, కరెంటు బిల్లు మిగిలింది. మాట్లాడేటప్పుడు ఇంగ్లీషువాళ్లు కూడా దాన్ని క్రియ ముందు పడేసి గొంతుతో నెట్టుకొస్తారు, దానికి కంగారు పడక్కర్లేదు. బోర్డుల మీద "లేడీస్ ఓన్లీ" అని వెనక ఉండటం కూడా సరైనదే. చెక్కు మీద "రుపీస్ ఫైవ్ థౌజండ్ ఓన్లీ" అని రాస్తాం చూడండి, అక్కడ చివరన ఉండాలి. ఆ తర్వాత ఎవరూ ఇంకో అంకె ఇరికించకుండా వేసే గడియ అది. మన రసీదుల్లో "అక్షరాలా అయిదు వేల రూపాయలు మాత్రమే" అన్నట్టే.

మా తమ్ముడు ఎక్కువగా జారిపడేది ‘గానీ’ దగ్గర. "అమ్మ ఫోన్ చేస్తే గానీ లేవను" అన్నదాన్ని వాడు "ఓన్లీ వెన్ మదర్ కాల్స్ ఐ వోంట్ గెట్ అప్" అన్నాడు. అంటే అమ్మ ఫోన్ చేసినప్పుడు మాత్రమే మొండికేస్తాడన్నమాట! తెలుగులో ‘చేస్తే గానీ’ లాంటి ‘గానీ’ వస్తే క్రియలో ‘లేదు’ అనే అర్థం ఉండాలి, ‘లేవను’లో ఉన్నట్టు. ఇంగ్లీషులో ఓన్లీ వచ్చాక ఆ ‘లేదు’ పోవాలి: "ఐ గెట్ అప్ ఓన్లీ వెన్ మదర్ కాల్స్." ఇలాంటి ఓన్లీని వాక్యం మొదటికి తెస్తే క్రియ ప్రశ్నలోలాగా తిరగబడుతుంది: "ఓన్లీ దెన్ డిడ్ ఐ అండర్‌స్టాండ్." మాట్లాడేటప్పుడు ఈ విన్యాసం అక్కర్లేదు.

"ఓన్లీ ఇఫ్" అంటే అయితేనే. "ఇఫ్ ఓన్లీ" అంటే అలా అయి ఉంటే ఎంత బాగుండేదో అనే నిట్టూర్పు. ఈ రెండూ తారుమారు చేయకండి. "ఓన్లీ టూ హ్యాపీ" అంటే సంతోషం లేదని కాదు, చాలా సంతోషమని.

నాకు బాగా నచ్చేది "ఓన్లీ టు". "ఐ వెంట్ టు ద బ్యాంక్ ఓన్లీ టు ఫైండ్ ఇట్ క్లోజ్డ్." దీన్ని "మూసి ఉండటం చూడటానికి మాత్రమే వెళ్లాను" అనుకునేవాణ్ణి చాలాకాలం. మన ‘తీరా’ ఇది. తీరా వెళ్తే బ్యాంకు మూసేసి ఉంది.

పోయిన ఆదివారం తమ్ముడి సెంట్ మెయిల్స్‌లో ఓన్లీ అని వెతికించాను. ముప్ఫైకి పైగా దొరికాయి. ఒక్కోదాని తెలుగు వాడి చేత చెప్పించి, ‘మాత్రమే’ పెట్టించి చూస్తూ పోయాం, టీ రెండుసార్లు అయింది. నిలబడినవి నాలుగు. అందులో ఒకటి లీవ్ మెయిల్: "ఐ నీడ్ ఓన్లీ టూ డేస్." రెండు రోజులే అడిగాడు పాపం, అక్క పెళ్లికి.