బీమర్‌లో సూడోకోడ్ వెలిగించడం, 3వ భాగం: లైన్లు గెంతుతున్నాయా?

బీమర్ అంటే లేటెక్‌లో స్లైడ్లు తయారుచేసే క్లాస్, అందులో సూడోకోడ్ (ప్రోగ్రాం అడుగుల్ని మామూలు మాటల్లో రాసింది) లైన్లు స్లైడ్‌కొకటి చొప్పున రంగుతో వెలిగిస్తున్నాం. ఇవాళ లూప్‌లు చెప్తానన్నాను గానీ పోయిన పాఠం చేసినవాళ్ళలో చాలామందికి స్లైడ్ మారినప్పుడల్లా కోడ్ మొత్తం ఎగిరెగిరి పడుతోందట, కాబట్టి ముందు ఆ సంగతి చూద్దాం. తప్పు కొంత నాదే, అక్షరాల వెనక రంగు వేసే కమాండ్ కలర్‌బాక్స్ వాడమని చెప్పి వదిలేశా.

కలర్‌బాక్స్ రంగు ఒక్కటే వెయ్యదు, అక్షరాల చుట్టూ నాలుగువైపులా 3 పాయింట్ల ఖాళీ కూడా పెడుతుంది. దాంతో వెలిగిన లైన్ కుడికి జరుగుతుంది, కింద లైన్లు కాస్త దిగుతాయి, తర్వాతి స్లైడ్‌లో మళ్ళీ వెనక్కొస్తాయి. బోల్డ్ పెట్టినా ఇదే గోల, అక్షరాలు లావై పొడుగు లైన్ విరిగి రెండు లైన్లవుతుంది. ఇంక ఓన్లీ (చెప్పిన స్లైడ్లలోనే చూపించే కమాండ్) వాడినవాళ్ళకైతే, లైన్ కనపడని స్లైడ్‌లో అది దానికి చోటు కూడా ఉంచదు, అలాంటిదే అయిన అన్‌కవర్ కమాండ్ ఉంచుతుంది. ఈ తేడా మొదటి భాగంలోనే చెప్పా, అయినా ఓన్లీనే వాడారు!

మందు చిన్నదే. ఆల్ట్ (చెప్పిన స్లైడ్లలో ఒకటి, మిగతావాటిలో ఇంకోటి చూపించే కమాండ్) తీసుకుని రెండు వైపులా కలర్‌బాక్సే పెట్టండి, వెలిగే వైపు లేత పసుపు, వెలగని వైపు స్లైడ్ బ్యాక్‌గ్రౌండ్ రంగు. రెండిట్లో ఖాళీ ఒకటే కాబట్టి ఏదీ కదలదు. దీన్ని ఒక కమాండ్‌గా రాసి పెట్టుకోండి, నేను ఏ ఫైల్ మొదలెట్టినా ముందు అదే పేస్ట్ చేస్తా. స్టేట్ (సూడోకోడ్‌లో లైన్ మొదలెట్టే కమాండ్) మాత్రం బాక్స్ బయటే ఉండాలి, లోపల పెడితే ఎర్రర్. బాక్స్‌లో లైన్ విరగదు, పొడుగైతే మీరే కుదించండి. అక్షరాలకే పసుపు వేస్తే మాత్రం ప్రొజెక్టర్ మీద ఎవరికీ కనపడదు.

ఇప్పుడు లూప్, అంటే అవే లైన్లు మళ్ళీ మళ్ళీ తిరగడం. ఉదాహరణ బైనరీ సెర్చ్, అంటే చిన్న నుంచి పెద్దకి పేర్చిన సంఖ్యల్లో ప్రతిసారీ మధ్యలోది చూసి సగం వదిలేస్తూ వెతకడం. ఎడమ, కుడి అంటే వెతికే చోటు హద్దులు, స్థానాల లెక్క 0 నుంచి. లైన్లు ఇవీ: 1 ఎడమ=0, కుడి=6. 2 ఎడమ కుడిని దాటనంతవరకూ తిరుగు. 3 మధ్య లెక్కించు. 4 దొరికితే ఆపు. 5 మధ్యలోది చిన్నదైతే ఎడమని మధ్య+1 చెయ్యి. 6 లేదంటే కుడిని మధ్య-1 చెయ్యి. 7 లేదని చెప్పు.

2, 5, 8, 12, 16, 23, 38లో 23 వెతికితే మధ్యలో ముందు 12, తర్వాత 23, అంతే. లైన్లు 1, 2, 3, 4, 5, 2, 3, 4 వరసలో వెలుగుతాయి, 8 స్లైడ్లు. ఏ లైన్ ఏ స్లైడ్లలో వెలగాలో కమాండ్‌లో ఇలా రాయాలి: రెండో లైన్‌కి <2,6>, మూడోదానికి <3,7>, నాలుగుకి <4,8>, ఐదుకి <5>. ఆరూ ఏడూ అసలు వెలగవు, కంగారు పడకండి. ముందు కాగితం మీద ఈ వరస రాసుకోకుండా నంబర్లు టైప్ చేస్తే నాకూ తప్పులొస్తాయి.

అభ్యాసం: పై సంఖ్యల్లో లేని 9ని అదే పద్ధతిలో వెతకండి. సరిగ్గా 16 స్లైడ్లు రావాలి. 15 వచ్చాయంటే, ఆరో లైన్‌కి వెళ్ళేముందు ఐదో లైన్‌లో చెక్ చేసింది మర్చిపోయారన్నమాట.