108 ముక్కల బొంత: ఎండాకాలంలో నలుగురు కలిసి కుట్టే పద్ధతి

మేం నలుగురం. నేను, టీచరక్క, రైల్వే వదిన, హైటెక్ సిటీలో ఉద్యోగం చేసే చిన్నమ్మాయి. మొదటి ముగ్గురివీ రిటైరయిన మోకాళ్లు, నాలుగో ఆమెకు శనివారం ఒక్కటే ఖాళీ. నాలుగేళ్లుగా ప్రతి ఎండాకాలం కలిసి తిరుగుతున్నాం. ఎగ్జిబిషన్లకు, బజార్లకు వెళ్లి బట్టలు తెచ్చుకుని, వాటితో తలా ఒక బొంత కుడతాం. మొదటి ఏడాది ఎవరికి నచ్చింది వాళ్లు కొన్నాం. జూన్ వచ్చేసరికి నా బీరువాలో పదిహేడు కట్ పీసులు చేరాయి కానీ ఒక్క బొంతా తయారు కాలేదు. అప్పటి నుంచి ఈ లెక్క పెట్టుకున్నాం. మీరు కూడా నలుగురైతే ఇలాగే దించేసుకోవచ్చు.

ఏప్రిల్ మొదటి వారం నుంచి మృగశిర కార్తె దాకా సుమారు తొమ్మిది వారాలు. వారానికి ఒక తిరుగుడు, తిరుగుడుకి ఒకే ఒక్క బట్ట, అదీ 60 సెంటీమీటర్లు. బొంతలో పన్నెండు బ్లాకులు, ఒక్కో బ్లాకులో తొమ్మిది గళ్లు. అంటే 108 ముక్కలు, సరిగ్గా అష్టోత్తరం. తొమ్మిది బట్టల నుంచీ తలా పన్నెండు ముక్కలు వస్తాయి కాబట్టి ప్రతి బ్లాకులోనూ ప్రతి వారం బట్టా ఒక్కటైనా ఉంటుంది.

60 సెంటీమీటర్లే ఎందుకంటే, ముక్క 3¾ అంగుళాల చదరం. మామూలు మిల్లు గుడ్డకయితే పావు అంగుళం కుట్టు వదిలి 3½ అంగుళాలకు కోసినా నడుస్తుంది. చేనేత బట్ట అంచులు పోగులు పోగులుగా ఊడిపోతాయి. దానికి 3/8 అంగుళం వదలాలి. మా ఇంటికొచ్చే వడ్రంగి దాన్ని మూడు సూతులు అంటాడు. రెండు వైపులా అది పోను గడి మూడు అంగుళాలు మిగులుతుంది. 44 అంగుళాల పన్నా ఉన్న బట్ట ఉతికాక కాస్త ముడుచుకుంటుంది. అడ్డంగా పది, నిలువుగా ఐదు, మొత్తం యాభై ముక్కలు ఖాయంగా వస్తాయి. నలుగురికీ 48 పోను రెండు మిగులుతాయి. ఒకసారి అర మీటరే కొన్నాం. ఉతికాక ఐదో వరస సగమే వచ్చింది. రైల్వే వదిన వాటాకి మూడు ముక్కలు తక్కువ పడ్డాయి. ఆ సంగతి ఆమె ఇప్పటికీ గుర్తు చేస్తుంది.

డబ్బు చిట్టీ పద్ధతిలో నడుస్తుంది. ప్రతి తిరుగుడుకి తలా 200 వేస్తాం. బట్టకి, ఆటోలకి, నిమ్మసోడాలకి అందులోంచే. ఆ వారం ఎవరి వంతైతే బట్ట ఎంపిక వాళ్లదే, మిగతావాళ్లు నోరెత్తకూడదు. ఒక్కొక్కరికి రెండు వంతులు వస్తే ఎనిమిది వారాలు అవుతాయి. తొమ్మిదో వారం బయటికి వెళ్లం, ఎవరో ఒకరి బీరువా తెరుస్తాం. ఆ సంగతికి మళ్లీ వస్తాను.

ఒక్క షరతు మాత్రం ఉంది. తొమ్మిది బట్టల్లో నాలుగు లేతవి, ఐదు ముదురువి ఉండాలి. ముదురు గడి పక్కన లేత గడి పడితేనే చదరంగం బల్లలా గళ్లు కనిపిస్తాయి. రెండో ఏడాది మేం తెచ్చిన బట్టలన్నీ చక్కనివే, కానీ అన్నీ మధ్యరకం రంగులు. కుట్టాక దూరం నుంచి చూస్తే అల్లం పచ్చడి పూసినట్టు ఒకటే ముద్ద. ఇప్పుడు కొట్లోనే, కొనకముందే, ఫోన్లో నలుపు తెలుపు ఫోటో తీస్తాం. పాత ముక్కల పక్కన పెట్టి తీస్తే ఏది లేతో ఏది ముదురో తేలిపోతుంది. ఆ కిటుకు చిన్నమ్మాయిది. అందుకే ఒక పిన్నీసుకు పాత బట్టల నుంచి తలా ఒక చిన్న పీలిక గుచ్చి పర్సులో పెట్టుకోండి. జ్ఞాపకం మీద రంగు కలపడం ఎవరివల్లా కాదు.

ఇక తిరుగుళ్లు.

తొలి తిరుగుడు శిల్పారామానికి పెట్టుకోండి. తార్నాకలో మెట్రో ఎక్కితే మారే పని లేకుండా హైటెక్ సిటీ స్టేషన్‌లో దిగుతాం, అక్కణ్ణించి ఆటో. పొద్దున తొందరపడి వెళితే సగం స్టాళ్లు ఇంకా పరదాలు తీయవు, మధ్యాహ్నం ఎండకు నిలబడలేం. సాయంత్రం నాలుగున్నరకు చేరి చీకటి పడేదాకా ఉండండి. కానీ రంగు చూడాల్సింది ట్యూబ్‌లైటు కింద కాదు, వెలుతురు ఉన్నప్పుడే స్టాలు బయటికి తెచ్చి చూడాలి. ఇక్కడ నేను ముందు చూసేది పెడన కలంకారీ. చెక్క అచ్చుతో వేసిన దాంట్లో ఒక అచ్చు ఇంకో అచ్చుని కలిసేచోట వెంట్రుకవాసి తేడా ఉంటుంది. గజాల కొద్దీ ఎక్కడా ఒక్క తేడా లేకపోతే అది మిషన్ ప్రింటని నేను అనుకుంటాను. బట్ట తిరగేసి కూడా చూడండి. వెనక తెల్లగా, రంగు పైపైన మాత్రమే ఉంటే వదిలేయండి.

నేసే మనిషితో గీచి గీచి బేరం ఆడకండి, పెద్ద స్టాళ్లలో అయితే ఆడండి. ఇది మా టీచరక్క సిద్ధాంతం. నేత మనిషే కూర్చున్నచోట ఆమె ధర అడిగి డబ్బు తీసిస్తుంది. ఆ మనిషి ఒక్కోసారి చివరి గజం ముక్క ఊరికే ఇచ్చేస్తాడు.

ఒక వారం సికింద్రాబాద్ జనరల్ బజార్. మహంకాళి గుడి చుట్టుపక్కల సందులు. ఇక్కడ డిజైన్ల కోసం కాదు, సాదా రంగుల కోసం వెళ్లాలి. మ్యాచింగ్ సెంటర్‌లో జాకెట్టు గుడ్డలు రంగుల వరసలో గోడంతా పేర్చి ఉంటాయి. పేకముక్కల్లా దించి ముందు పరుస్తారు. టూ బై టూ అడక్కండి, అది బొంతకి పల్చన. పాప్లిన్ అడగండి. కాటనే అని ఎవరు ఒట్టేసినా చివర నుంచి రెండు పోగులు లాగి బయట అగ్గిపుల్లతో కాల్చి చూడండి. కాటన్ కాగితంలా కాలి బూడిదవుతుంది. పాలిస్టర్ కలిస్తే కరిగి, చల్లారాక గట్టి ఉండలా వేలికి తగులుతుంది. బొంత చుట్టూ అంచుకి, పట్టీకి ఒక మీటరు పాప్లిన్ కూడా ఇక్కడే తీసుకోండి. అది చిట్టీ లెక్కలోకి రాదు, ఎవరిది వాళ్లదే.

సాలార్‌జంగ్ మ్యూజియం, ఆ తర్వాత మదీనా, పత్తర్‌గట్టీ బట్టల బజార్లు కలిపి ఒక రోజు. శుక్రవారం మ్యూజియానికి సెలవు, చూసుకుని వెళ్లండి. ఒకసారి మదీనా దగ్గర మూడు కొట్లు తిరిగాక రైల్వే వదిన కళ్లు తిరిగి కూర్చుండిపోయింది. మజ్జిగ సీసా ఇంట్లో మరిచిపోయి వచ్చాం మరి. అందుకే సంచిలో సరంజామాకంటే ముందు మజ్జిగ, తడిపిన కండువా పెట్టుకోవాలి. టేపు, పిన్నీసు, అగ్గిపెట్టె ఆ తర్వాతే.

అన్నిటికంటే ఎక్కువ సేపు గడపాల్సింది పోచంపల్లిలో. విజయవాడ రోడ్డు మీద వెళ్లి లోపలికి తిరగాలి, సిటీ నుంచి సుమారు యాభై కిలోమీటర్లు. కారు మాట్లాడుకుని ఆరున్నరకే బయల్దేరండి. 1951 ఏప్రిల్‌లో వినోబా భావే భూదానం మొదలైన ఊరిదే. మా చిన్నమ్మాయికి పోచంపల్లి అంటే చీర పేరని మాత్రమే తెలుసు.

అక్కడ కొట్టుకు ముందు మగ్గం చూడండి. ఒక ఇంటి వరండాలో ఒకావిడ కూర్చుని పోగుల కట్టకి చిటికీ కడుతోంది. రంగు అంటకూడని చోట సైకిల్ ట్యూబు నుంచి కోసిన సన్నని రబ్బరు పీలిక చుట్టి, చివర లోపలికి దోపి బిగిస్తుంది. ముడి వేయదు. పోగుల మీద ముందుగా గీసుకున్న గీతలే ఆమెకు లెక్క. ఒక్కో చిటికీకి నాలుగు సెకన్లు కూడా పట్టలేదు, మాట్లాడుతూనే కడుతోంది. తర్వాత రంగులో ముంచుతారు, మళ్లీ కొన్ని విప్పి ఇంకో రంగులో ముంచుతారు. నేసే ముందే పోగు మీద బొమ్మ ఉంటుంది. నేతలో పోగు ఒక వెంట్రుక అటూ ఇటూ జరుగుతుంది కాబట్టే అంచులు ఈకల్లా కనిపిస్తాయి. "తప్పు కాదమ్మా అది, అదే గుర్తు," అంది ఆమె. అడ్డంగా నేసే పేక పోగుని మేకుల చుట్టూ చేత్తో తిప్పి సిద్ధం చేసే ఆసు పోయడం ఒకప్పుడు ఆడవాళ్ల భుజాలు పడిపోయే పని. చింతకింది మల్లేశం తన తల్లి అవస్థ చూసి దానికి మిషన్ తయారు చేశాడు, 2017లో పద్మశ్రీ వచ్చింది.

ఇలా పోగుకే ముందు రంగు వేసి నేసే బట్టే ఇక్కత్. బొంత కుట్టేవాళ్లకి దాంతో ఒక లాభం, ఒక చిక్కు. లాభం ఏమిటంటే రెండు వైపులా ఒకేలా ఉంటుంది, తిరగేసి కుట్టినా తప్పు దొరకదు. చిక్కేమిటంటే పెద్ద బొమ్మ 3¾ అంగుళాల ముక్కలో సగమే పడుతుంది. మూడు అంగుళాల లోపు బొమ్మ ఉన్న డిజైనే ఎంచుకోండి. లేదంటే బొమ్మ మధ్యలో పెట్టి కోస్తే బట్ట సగం వృథా.

ఇంటికి రాగానే, కాఫీ కూడా తాగకముందు, బట్టని నీళ్లలో వేయండి. దీనికి నా దగ్గర పెద్ద కారణమే ఉంది. మూడేళ్ల కిందట ఒక ఎగ్జిబిషన్లో ఎర్రటి కాటన్ కొన్నాను. అమ్మినవాడు రంగు పోదన్నాడు. ఉతకకుండానే కోసి, మనవరాలి బొంతలో తెల్ల గళ్ల పక్కన కుట్టేశాను. మొదటి ఉతుకులోనే తెల్లవన్నీ గులాబీ రంగుకి తిరిగాయి. దాన్ని అప్పటికప్పుడు తడిలోనే వేడినీళ్లలో వేసి ఉంటే కొంత దక్కేది. నేను ఏడుపు మొహంతో మే నెల ఎండలో ఆరేశాను. మరక అలాగే కూర్చుంది.

కాబట్టి తెల్ల గుడ్డ తడిపి బట్ట మీద గట్టిగా రుద్దండి. రంగు అంటితే వేడినీళ్లలో నాలుగు చుక్కల గిన్నెలు తోమే లిక్విడ్ వేసి, బట్ట మునిగేట్టు రాత్రంతా ఉంచండి. నీళ్లు తేటగా వచ్చేదాకా మార్చండి. కళ్లుప్పు వేస్తే రంగు ఆగుతుందని మా అత్తయ్య నమ్మకం. నేనూ చాలాసార్లు వేశాను, ఆగినట్టు నాకు ఎప్పుడూ కనిపించలేదు. ఐదు నీళ్లకు కూడా తేట పడని బట్టని బొంతలో పెట్టకండి, ఎవరి వంతు బట్టయినా సరే.

ఆరాక పల్చటి గంజి. చేనేత బట్ట గంజి లేకుండా కోస్తే చదరం కాస్తా బర్ఫీ ఆకారం అవుతుంది. కొంచెం తడి ఉండగానే ఇస్త్రీ పెట్టాలి, పెట్టెని తోయకూడదు, ఎత్తి ఎత్తి నొక్కాలి. నాలుగు మడతలకంటే ఎక్కువ వేసి కోయకండి. కుట్టేటప్పుడు మూడు సూతుల దూరం తప్పకుండా మిషన్ పళ్లెం మీద ఒక ప్లాస్టర్ ముక్క అంటించి దాని అంచు పట్టుకుని పోనివ్వండి. 14 నంబరు సూది, కుట్టు కాస్త చిన్నది. మిగతా కుట్టడం మీకు తెలిసిందే. అయితే గంజి పెట్టిన ముక్కల్ని వానలు పడేదాకా డబ్బాలో ఉంచకండి, పురుగులు వాటికోసమే కాచుకుని ఉంటాయి.

తొమ్మిదో వారం బీరువా. ఈసారి టీచరక్క వంతు. వాళ్లమ్మ కట్టిన ముతక నేత చీర, కొంగు చిరిగింది, ఒళ్లు మాత్రం మల్లెపువ్వంత మెత్తన. కత్తెర పెట్టడానికి ఆమెకి చెయ్యి రాలేదు. పది నిమిషాలు చీర ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. చివరికి రైల్వే వదిన "మీ అమ్మ ఉంటే ఈపాటికి తనే కోసి బొంతలో పెట్టేది," అని కత్తెర అందించింది. నిజమే. మా ఊళ్లో యాసంగి పంట ఇంటికొచ్చాక ఆడవాళ్లు వేపచెట్టు కింద చేసిన పని అదే. పాత చీరలు, పంచెలు ఒకదాని మీద ఒకటి పరిచి, నలుగురు నాలుగు మూలలా కూర్చుని పెద్ద సూదితో కుట్టుకుంటూ మధ్యలో కలిసేవాళ్లు.

మధ్య పొరకి మేం దూది వాడం, హైదరాబాద్‌కి అది ఎక్కువ. ఉతికిన పాత చీర రెండు పొరలు చాలు, వెనక అస్తరుకి ఇంకో చీర. చాప మీద పరిచి ముడతలు లేకుండా లాగి, మధ్య నుంచి బయటికి అరచెయ్యి దూరంలో టాకాలు వేయండి. అంచు నుంచి మొదలుపెడితే నడుమ ఉబ్బుతుంది, ఎంత తిట్టుకున్నా దిగదు. తర్వాత రెండు వేళ్ల ఎడంతో చేత్తోనే వరసలు. దారాన్ని కొవ్వొత్తికి ఒకసారి రుద్దితే చిక్కు పడదు. చుట్టూ నాలుగు అంగుళాల అంచు కలుపుకుని బొంత 35కి 44 అంగుళాలు వస్తుంది. పసిపిల్లలకి సరిపోతుంది, మధ్యాహ్నం సోఫాలో నాకూ మోకాళ్ల దాకా వస్తుంది.

బట్టకి రెండు చొప్పున మిగిలాయని చెప్పాను కదా. తొమ్మిది రెళ్లు పద్దెనిమిది. సరిగ్గా రెండు బ్లాకులు. వాటిని దిండు గలీబుకి ముందొకటి వెనకొకటి కుట్టి, ఎవరికన్నది చీటీ వేస్తాం. ఈ ఏడాది మృగశిర నాడు చీటీ తీసింది చిన్నమ్మాయి. పేరు రైల్వే వదినది. మూడు ముక్కల బాకీ తీరిందా అని అడిగితే, "అవి వేరు, ఇది వేరు," అంది.