పాత బండికి పెట్రోలు కారుతోందా? చుక్క పడేచోటు వేరు, పుట్టేచోటు వేరు

పాత బుల్లెట్, యెజ్డీ, ఆర్‌ఎక్స్ 100, ఏదైనా కానివ్వండి. బండి కింద తడి కనబడగానే పానా పట్టుకుని ట్యాంకు కింది పెట్రోలు ట్యాపు బిగించేస్తారు చాలామంది. లీకు ఆగదు సరికదా, ట్యాపు మరలు అరిగి పని పెరుగుతుంది. పెట్రోలు పాకే సరుకు. ట్యాంకు అతుకు దగ్గర పుట్టిన తడి ట్యాపు మీదికి జారి, పైపు వెంబడి దిగి, కార్బరేటర్ గిన్నె కింద చుక్కగా రాలుతుంది. అది చూసి కార్బరేటర్ విప్పితే డబ్బు దండగ.

పని సెల్లార్‌లో పెట్టుకోవద్దు. పెట్రోలు ఆవిరి గాలికన్నా బరువు. నేలబారుగా పాకి ఏ మోటారు స్విచ్ దగ్గరకో చేరుతుంది. బండిని స్టార్ట్ చేయకుండా ఆరుబయటికి తోసి, ఇంజను చల్లారాక బ్యాటరీ నెగటివ్ వైరు ఊడదీయండి. పక్కన ఒక బకెట్ పొడి ఇసుక ఉంచుకోండి.

ముందు అంతా పొడిబట్టతో తుడవండి. ట్యాంకు అడుగు, ట్యాపు, పైపు చివరలు, కార్బరేటర్, అన్నిటి మీదా సుద్దపొడి గానీ ముఖానికి రాసుకునే పౌడర్ గానీ పలచగా అద్దండి. ట్యాపు మూసి 15 నిమిషాలు, తెరిచి మరో 15 నిమిషాలు చూడండి. పొడి మొట్టమొదట ఎక్కడ తడిసిందో అదే పుట్టిన చోటు.

ట్యాపు మూసి ఉన్నా ట్యాపు దగ్గరే తడి

ట్యాపుకీ ట్యాంకుకీ మధ్య తడి ఉంటే వాషర్ పోయినట్టు. పెట్రోలు వంపేసి, ట్యాపు విప్పి, రెండు ముఖాలూ శుభ్రం చేసి కొత్త ఫైబర్ వాషర్ వేయండి. సిలికాన్ పేస్టు పూయొద్దు. అది పెట్రోలులో ఉబ్బి, తునకలై జెట్‌లో (కార్బరేటర్ లోపలి సన్నటి రంధ్రంలో) ఇరుక్కుంటుంది. హ్యాండిల్ చుట్టూ తడి ఉంటే లోపలి రబ్బరు గట్టిపడింది, అది మార్చాలి. లాగి నొక్కే పాతరకం ట్యాపుల్లో రబ్బరు బదులు కార్కు ఉంటుంది. ట్యాంకు ఖాళీగా నెలల తరబడి నిలబెడితే అది ఎండి కుంచించుకుపోతుంది. తీసి వేడినీళ్లలో పది నిమిషాలు నానబెడితే చాలావరకు ఉబ్బి మళ్లీ పట్టు ఇస్తుంది. పొడిపొడిగా రాలుతుంటే మాత్రం కొత్తది వేయాల్సిందే.

బయట పొడిగా ఉన్న ట్యాపు లోపల కారుతూ ఉండవచ్చు. కార్బరేటర్ నుంచి పైపు తీసి, ఎండిన గాజు సీసాలో పెట్టి, ట్యాపు మూసి రాత్రంతా వదిలేయండి. పొద్దున్న సీసా అడుగున తడి ఉంటే ట్యాపు మూసుకోవడం లేదు.

ట్యాపు తెరవగానే ఓవర్‌ఫ్లో పైపు నుంచి ధార

ఎక్కువగా దొరికే జబ్బు ఇదే. గిన్నె నిండగానే ఫ్లోట్ (తేలే బుర్ర) పైకి లేచి నీడిల్‌ను (పెట్రోలు దారి మూసే సూదిని) దాని సీటుకు అదమాలి. ఆ మూత పడటం లేదు. ముందు స్క్రూడ్రైవర్ పిడితో గిన్నె మీద రెండు సార్లు మెల్లగా తట్టండి. ఆగితే, సీటులో తుప్పు రేణువు చిక్కుకున్నట్టు. గిన్నె విప్పి శుభ్రం చేసి, ట్యాపుకీ కార్బరేటర్‌కీ మధ్య బాణం గుర్తు కార్బరేటర్ వైపు ఉండేలా చిన్న ఫిల్టర్ వేయండి. ఆగకపోతే నీడిల్ మొనను భూతద్దం కింద చూడండి. చుట్టూ గీత పడి ఉంటే అరిగిపోయింది. నీడిల్, సీటు జతగా మార్చండి. కొత్త నీడిల్ పాత సీటులో సరిగ్గా కూర్చోదు.

ఫ్లోట్‌ను చెవి దగ్గర ఊపండి. లోపల పెట్రోలు చప్పుడు వస్తే చిల్లు పడింది. ఇత్తడి ఫ్లోట్ అయితే వేడినీళ్లలో ముంచితే బుడగలు వచ్చే చోటు కనబడుతుంది. లోపలి పెట్రోలు పూర్తిగా బయటికి పోయాకే, అతి తక్కువ సీసంతో అతకాలి. బరువు పెరిగితే గిన్నెలో మట్టం కూడా పెరుగుతుంది. ప్లాస్టిక్ ఫ్లోట్ అయితే మార్చేయడమే. ఫ్లోట్ ఎత్తును ఆ మోడల్ కొలత ప్రకారం, నీడిల్ లోపలి స్ప్రింగ్ నొక్కుకోకుండా చూసి సరిచేయాలి.

ఇవన్నీ బాగున్నా కారుతోందా? గిన్నె లోపల నిలబడి ఉండే సన్నటి ఇత్తడి ఓవర్‌ఫ్లో గొట్టం చీలి ఉంటుంది. గిన్నె ఊడదీసి, గొట్టం కొనకన్నా కిందివరకే పెట్రోలు పోసి చూడండి. మట్టం దిగుతూ పోతే చీలిక ఖాయం. మెకానిక్కులే తరచూ దాటేసే చోటు ఇది.

పొంగిన పెట్రోలు ఇంజనులోకి దిగిందేమో తప్పక చూడండి. ఫోర్ స్ట్రోక్‌లో ఆయిల్ వాసన చూస్తే తెలుస్తుంది. పెట్రోలు వాసన కొడితే ఆ ఆయిల్‌తో స్టార్ట్ చేయొద్దు, మార్చాకే.

టిక్లర్ (స్టార్ట్ చేసేముందు నొక్కి గిన్నె పొంగించే బొత్తం) ఉన్న పాత కార్బరేటర్‌లో, అది నొక్కినప్పుడు పొంగడం లీకు కాదు, దాని పద్ధతే అంత.

గిన్నె అంచు చుట్టూ చెమ్మ

ప్యాకింగ్ మార్చండి. స్క్రూలు ఎదురెదురుగా, కొంచెం కొంచెంగా బిగించండి. అతిగా బిగించి అంచు వంగిపోతే, దళసరి గాజుపలక మీద 400 నంబరు ఎమరీ పేపర్ పరిచి చదును చేయాలి.

ట్యాంకు అడుగున, అతుకు వెంట తడి

విశాఖలో దీనికి కారణం వెతకక్కర్లేదు. బీచ్ రోడ్డు, పెదవాల్తేరు, భీమిలి వైపు ఉప్పుగాలి బయటి రంగును తింటుంది. సగం నిండిన ట్యాంకులో లోపలి తేమ చెమ్మగా దిగుతుంది. నీరు పెట్రోలు కంటే బరువు కాబట్టి అడుగున ట్యాపు చుట్టూ చేరి తుప్పు పట్టిస్తుంది. 20 శాతం ఇథనాల్ కలిసిన ఇప్పటి పెట్రోలు ఆ తేమను ఇంకా పట్టుకుంటుంది. నడపని బండికి ట్యాంకు దాదాపు నిండుగా ఉంచడమే మేలు.

దారిలో సూదిబెజ్జం కనబడితే ఒంటిసబ్బు ముక్క గట్టిగా రుద్దండి. సబ్బు పెట్రోలులో కరగదు. ఇల్లు చేరేవరకే ఆ అతుకు.

అసలు పనికి ట్యాపు తీసి, రంధ్రం మూసి, ట్యాంకులో లీటరు గోరువెచ్చని నీటికి 50 నుంచి 100 గ్రాముల నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపి 12 నుంచి 24 గంటలు ఉంచండి. తుప్పు పెచ్చులుగా ఉంటే చిన్న నట్లు గుప్పెడు వేసి ఊపండి. వేసేముందు లెక్కపెట్టండి, తీశాక మళ్లీ లెక్కపెట్టండి. తర్వాత వంటసోడా నీళ్లతో, మంచినీళ్లతో కడిగి వెంటనే ఆరబెట్టండి. మన గాలిలో శుభ్రం చేసిన ఇనుము చూస్తుండగానే ఎర్రబడుతుంది. ఆరగానే 100 మిల్లీలీటర్ల టూటీ ఆయిల్ (టూ స్ట్రోక్ బండ్ల ఆయిల్) పోసి అన్ని వైపులా తిప్పండి.

ఆయిల్ పోసేది అతుకు పని లేని ట్యాంకుకే. చిల్లుకు బ్రేజింగ్ వేయించాలంటే, ఆ పని తెలిసిన వాళ్లకే ఇవ్వండి. ఖాళీ ట్యాంకు నిండు ట్యాంకు కన్నా ప్రమాదం, లోపల మిగిలిన ఆవిరే పేలుతుంది. సబ్బునీళ్లతో పలుసార్లు కడిగి, అతికే చోటు తప్ప మిగతాదంతా నీళ్లతో నింపాకే మంట పెట్టాలి.

ఎండలో నిలిపినప్పుడు, ఘాట్ ఎక్కేటప్పుడు మాత్రమే

మూత రబ్బరు చూడండి. మెడ వరకు నింపడం మానండి. పెట్రోలు డిగ్రీకి సుమారు 0.1 శాతం ఉబ్బుతుంది. 13 లీటర్లు 10 డిగ్రీలు వేడెక్కితే దాదాపు 120 మిల్లీలీటర్లు పెరుగుతాయి, సింహాచలం కొండెక్కేలోగా మూత పక్క నుంచి జారతాయి. మూతలోని గాలి రంధ్రాన్ని సన్నటి తీగతో తెరవండి. అది మూసుకుపోతే ఎండలో ఒత్తిడి పెరిగి, మంచి నీడిల్‌ను కూడా తోసుకుని పెట్రోలు పొంగుతుంది. బండి నడిచేటప్పుడు మాత్రం ఇంధనం అందక ఆగిపోతుంది. ఈ రెండు లక్షణాలూ ఒకే బండిలో కనబడితే కార్బరేటర్ జోలికి వెళ్లకుండా ముందు మూత తీయండి.

పైపు విషయం చిన్నదే. వంచితే పగుళ్లు కనబడినా, పారదర్శకపు గొట్టం పసుపెక్కి గట్టిపడినా మార్చండి. ఇథనాల్ తట్టుకునే రబ్బరు పైపు, లోపలి కొలత పాతదానిదే, రెండు చివరలా క్లిప్పులు, సిలిండర్‌కు తగలకుండా. పని అయ్యాక మళ్లీ పొడి అద్ది, కింద పాత పేపరు పరిచి, ఒక రాత్రి ట్యాపు మూసి, మరుసటి పూట గంటసేపు తెరిచి చూశాకే బండిని సెల్లార్‌లోకి దించండి.