హైస్కూలు నుంచి ఎల్‌కేజీకి మారుతున్న ఉపాధ్యాయుల వేసవి సన్నాహం

తెలంగాణలో బడులు సాధారణంగా జూన్ 12న తెరుచుకుంటాయి. వచ్చే ఏడాది ఎల్‌కేజీ తీసుకోవాలని యాజమాన్యం ఏప్రిల్ చివర్లో చెప్పిందంటే చేతిలో ఉన్నది దాదాపు ఆరు వారాలు. హనుమకొండలో 14 ఏళ్లు పై తరగతులకు గణితం చెప్పి చిన్నపిల్లల తరగతికి మారినప్పుడు నేను ఆ ఆరు వారాల్లో సగం రంగు చార్టులు కొనడానికీ, అట్టముక్కలు కత్తిరించడానికీ ఖర్చు చేశాను. చార్టులు ఒక్క సాయంత్రంలో దొరుకుతాయి. మార్చుకోవలసినవి మన గొంతు, మన నడక, తరగతిలో కాలాన్ని మనం కొలిచే తీరు. వాటికి ఆరు వారాలు కూడా చాలవు.

ముందుగా కాగితాల సంగతి చూసుకోవాలి. 2020 జాతీయ విద్యావిధానం మూడు నుంచి ఎనిమిదేళ్ల వయసును ఒకే దశగా లెక్కించి, ఒకటో తరగతిలో చేరే వయసు ఆరేళ్లని చెప్పింది. 2022లో వెలువడిన పునాది దశ పాఠ్యప్రణాళిక చట్రాన్ని అంతా చదవలేకపోయినా, మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకు పాఠ్యపుస్తకాలు నిర్దేశించకూడదన్న మాటను గుర్తుపెట్టుకోండి. సిలబస్ పూర్తయిందా లేదా అని పదే పదే చూసుకునే మన పాత అలవాటుకు ఇక్కడ పని లేదు. బీఎడ్ శిక్షణ ఈ వయసును ఉద్దేశించినది కాదు కనుక, ఈ తరగతుల్లోనే కొనసాగదలచినవారు ఎన్‌సీటీఈ (జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి) గుర్తించిన రెండేళ్ల ప్రీస్కూల్ డిప్లొమా గురించి ఆలోచించవచ్చు. నర్సరీ సెక్షన్ అనగానే జీతం తగ్గించే అలవాటు కొన్ని చోట్ల ఉంది. ఆ మాట, ఆయమ్మను ఇస్తారా లేదా అన్న మాట, జూన్‌కు ముందే తేల్చుకోండి. 2013 నాటి జాతీయ బాల్య విద్యా విధానం ఈ వయసులో 20 మంది పిల్లలకు పెద్దవాళ్లు ఒకరు ఉండాలని చెప్పింది. తరగతిలో 35 మందిని కూర్చోబెట్టేటట్లయితే ఆయమ్మ కావాలని గట్టిగా అడగడానికి ఈ అంకె పనికివస్తుంది.

ఆ తరువాత పిల్లలను చూడాలి. 1975 నుంచి నడుస్తున్న సమగ్ర శిశు అభివృద్ధి పథకం కింద మన ప్రాంతంలో ఊరూరా అంగన్‌వాడీలు ఉన్నాయి. టీచరును అడిగి, అనుమతి తీసుకొని, వేసవి వేళలను, సెలవులను బట్టి వరుసగా నాలుగైదు రోజులు ఒక మూల కూర్చోండి. ఆమె ఏం చెబుతున్నదో రాసుకోనక్కర లేదు. ఒక పనిలో కూర్చున్న పిల్లవాడు ఎన్ని నిమిషాలకు లేచాడో, లేచి ఎటు వెళ్లాడో, ఆమె అతణ్ని పిలిచిందా లేక వదిలేసిందా అన్నది గడియారం చూసి రాసుకోండి. నా నోటుపుస్తకంలో ఎక్కువ చోట్ల పది, పన్నెండు నిమిషాలని ఉంది. 45 నిమిషాల పీరియడ్‌కు అలవాటుపడ్డవారికి ఆ అంకె కొంచెం భయం పుట్టిస్తుంది. రోజంతటినీ పది నిమిషాల ముక్కలుగా వేసుకొని, కూర్చొని చేసే పని తరువాత కదిలి చేసే పని, చప్పుడున్న పని తరువాత చప్పుడు లేని పని వచ్చేటట్టు అమర్చుకుంటే ఆ భయం చాలావరకు తగ్గుతుంది.

హైస్కూల్లో పాఠానికి అడ్డం అనుకున్నవన్నీ ఇక్కడ పాఠాలే. నీళ్ల సీసా మూత తిప్పడం, చెప్పులు జతగా విడవడం, సద్ది డబ్బా తెరవడం ఇలాంటివే. మొదటి వారం నేను 28 డబ్బాలు నేనే తెరిచాను. చివరి పిల్లకు డబ్బా అందేసరికి మొదటి పిల్లవాడు తినడం ముగించి మూత కోసం ఏడుస్తున్నాడు. రెండో వారం ఒక ఖాళీ డబ్బాను పాఠంగా పెట్టాను. ఎడమచేత్తో అడుగు పట్టుకోవడం, కుడి బొటనవేలితో క్లిప్పును పైకి లేపడం, ఆ తరువాతే మూత తీయడం, ఇలా నోరు మెదపకుండా నెమ్మదిగా చేసి చూపించాను. పెన్సిల్ పట్టుకోవడానికి కావలసిన వేళ్ల బలం ఇలాంటి పనుల్లోనే వస్తుంది కాబట్టి ఆ సమయం వృథా పోలేదు.

ఇక మాట. బాత్రూమ్‌కు వెళ్లాలా అని నేను రోజుకు నాలుగుసార్లు అడిగినా తల ఊపని ఒక పిల్లవాడు ప్రతి మధ్యాహ్నం బట్టలు తడుపుకునేవాడు. వాళ్ల నాయనమ్మ వచ్చి, “ఒంటికి పోతవా బిడ్డా అని అడుగుండ్రి మేడం, చెప్తడు” అన్నాక ఆ బాధ తీరింది. అడ్మిషన్ రోజునే ప్రతి ఇంటివారినీ మూడు మాటలు అడిగి రాసుకోవాలి: ఒంటికీ రెంటికీ ఇంట్లో ఏమంటారు, ఆకలైతే ఏమంటాడు, ఏడిస్తే ఎవరిని తలుచుకుంటాడు. తండాల నుంచి వచ్చే పిల్లలు అమ్మను యాడి అనీ, నీళ్లను పాణి అనీ అంటారు. ఉర్దూ మాట్లాడే ఇళ్ల పిల్లలు, ములుగు వైపు కోయ పిల్లలు కూడా తరగతిలో ఉండవచ్చు. ఆ భాషలన్నీ మనకు రావలసిన పని లేదు. కానీ ఒక్కో దాంట్లో పది మాటలు వేసవిలోనే నేర్చుకుంటే మొదటి నెల ఏడుపులు తప్పకుండా తగ్గుతాయి.

రాతకు సంబంధించి తల్లిదండ్రుల నుంచి ఒత్తిడి వస్తుంది. బాసరలో అక్షరాభ్యాసం చేయించుకొని వచ్చినవారు జూలై కల్లా పలకమీద ‘అ’ చూడాలనుకోవడంలో తప్పు లేదు. అయితే తెలుగు అక్షరాలన్నీ ఒంపులే, అందులో ‘అ’, ‘ఆ’లు మరీ కష్టమైన ఒంపులు. పళ్లెంలో బియ్యప్పిండి పలుచగా పోసి, వేలితో సున్నాలు, ముగ్గు మెలికలు గీయించి, ఆ మీదట ‘ర’, ‘గ’, ‘న’ వంటి తేలిక అక్షరాలకు వచ్చి, అచ్చులకు తరువాత మళ్లడం మేలని నా అభిప్రాయం. ఈ మాటను సమావేశంలో చెబితే ఎవరూ వినరు. పిండి పళ్లెం ముందు తల్లినే కూర్చోబెట్టి, ఆమె కుడిచేతివాటం మనిషైతే ఎడమచేత్తో ‘అ’ రాయమనండి. బిడ్డ కష్టం రెండు నిమిషాల్లో అర్థమవుతుంది.

సామగ్రికి పెద్దగా ఖర్చు పెట్టకండి. బతుకమ్మ రోజుల్లో తంగేడు, గునుగు, బంతి పూలను రంగుల వారీగా వేరుచేయించడం కొన్న బొమ్మలకంటే బాగా నడుస్తుంది. లెక్కకు చింతగింజలు, అచ్చనగండ్ల రాళ్లు మంచివే కానీ నర్సరీ, ఎల్‌కేజీ పిల్లలకు వద్దు. ఒక గింజ ముక్కులోకి వెళితే ఆ పూటంతా ఆసుపత్రిలోనే గడుస్తుంది. వాళ్లకు మొక్కజొన్న బెండ్లు, కొబ్బరి చిప్పల వంటి నోట్లో పట్టని వస్తువులు చాలు. పల్లీలు కూడా అంతే, డబ్బాలో గింజలుగా పెట్టవద్దని తల్లులకు ముందే చెప్పండి.

మొదటి వారం ఏడ్చే పిల్లల దగ్గర గొంతు పెంచవద్దు. వెనుక బెంచీదాకా వినిపించేలా తయారైన మన గొంతు ఈ పిల్లలకు కోపంలా వినిపిస్తుంది. నేలమీద కూర్చొని, వాళ్ల కళ్ల ఎత్తుకు వచ్చి మాట్లాడాలి, కాబట్టి మోకాళ్ల నొప్పులున్నవారు ఇప్పటి నుంచే రోజూ కాసేపు కింద కూర్చొని లేవడం అలవాటు చేసుకోండి. సాయంత్రం తీసుకువెళ్లేది ఎవరో తల్లిదండ్రులతో ముందే మాట్లాడి, వాళ్లు వచ్చేది టిఫిన్ తరువాతనా, పాట తరువాతనా అన్నది రోజూ ఒకే మాటతో పిల్లలకు చెప్పాలి. గంటలు చెబితే వాళ్లకు అందదు.

వానలు మొదలయ్యాక జూలైలో తరగతంతా దగ్గుతుంది, మీరూ దగ్గుతారు. పెద్ద పిల్లల మధ్య ఇన్నేళ్లు పనిచేసినవారికి ఇన్ని జలుబులు కొత్త. సాధారణ సెలవుల్లో కనీసం నాలుగు ఆ రోజులకని వదిలిపెట్టుకోండి, బ్యాగులో ఒక జత బట్టలు అదనంగా ఉంచుకోండి.