ఆర్ట్ బ్లేకీ డ్రమ్స్‌ను వినడం ఎలా: విశాఖ శ్రోతల కోసం

కచేరీలో మృదంగం మీదికి మన చెవి చాలాసార్లు తని ఆవర్తనం, అంటే మృదంగం ఒంటరిగా వాయించే ఘట్టం, మొదలయ్యాకే మళ్లుతుంది. అంతకుముందు గంటకు పైగా గాయకుడిని వెన్నంటి ఉండి, ఎక్కడ నొక్కి వాయించాలో, ఎక్కడ చేతులు ఆపి ఊరుకోవాలో క్షణక్షణం తేల్చుకుంటూ ఆ విద్వాంసుడు చేసిన పనిని పాటలో కలిపేసి విని, విడిగా లెక్కలోకి తీసుకోకుండా వదిలేస్తాం. జాజ్ డ్రమ్మర్ ఆర్ట్ బ్లేకీని కొత్తగా వినేవారు సరిగ్గా ఇక్కడే దారి తప్పుతారు. ఆయన సోలోలను, అంటే ఒంటరిగా వాయించే ఘట్టాలను, వెతికి పట్టుకుని, పది నిమిషాలు ఆ ఉరుములు విని, అబ్బురపడి, అంతటితో ఆపేస్తారు. నేనూ అలాగే మొదలుపెట్టాను. ఆయన అసలు విద్య ఇతరుల వాద్యాల కింద ఉందని గ్రహించడానికి నాకు చాలాకాలం పట్టింది. భజనలు, బుర్రకథలు, కచేరీలు వింటూ పెరిగిన విశాఖ శ్రోతకు ఈ సంగీతం అందనిదేమీ కాదు. ఎటునుంచి లోపలికి వెళ్లాలో తెలిస్తే చాలు.

ముందుగా మనిషి గురించి కొంత తెలుసుకోవాలి. బ్లేకీ 1919 అక్టోబరు 11న అమెరికాలోని పిట్స్‌బర్గ్‌లో పుట్టారు. అది ఉక్కు ఊరు. గాజువాక, ఉక్కునగరం మనుషుల మధ్య బతికే మనకు షిఫ్టుల మీద నడిచే ఊరి జీవితం ఎలా ఉంటుందో విడమరచి చెప్పనక్కరలేదు. పసితనంలోనే తల్లి పోవడంతో ఆయన ఇతరుల ఇంట పెరిగారు. చిన్న వయసులోనే కర్మాగారంలో పనికి వెళ్లారు. సంగీతంలోకి పియానో వాయిస్తూ అడుగుపెట్టారు. డ్రమ్స్ వైపు మారిన వైనాన్ని ఆయన ఒక కథగా చెప్పేవారు: క్లబ్బు యజమాని తుపాకీ చూపించి, పియానో ముందు ఎరోల్ గార్నర్ అనే మరో పియానిస్టును కూర్చోబెట్టి, తనను డ్రమ్స్ దగ్గరికి పంపాడట. అందులో నిజమెంతో, కథన కౌశలమెంతో అటుంచుదాం. 1944 నుంచి 1947 దాకా గాయకుడు బిల్లీ ఎక్‌స్టైన్ బ్యాండులో ట్రంపెట్ వాయించే డిజీ గిలెస్పీ, శాక్సఫోన్ వాయించే చార్లీ పార్కర్ వంటివారి వెనుక కూర్చుని వాయించడం ఆయనకు నిజమైన గురుకులవాసం. 1940ల చివరలో ఇస్లాం స్వీకరించి అబ్దుల్లా ఇబ్న్ బుహైనా అయ్యారు. తోటివారు ఆ పేరును కుదించి 'బూ' అని పిలిచేవారు. పియానిస్టు హోరెస్ సిల్వర్‌తో కలిసి నడిపిన జాజ్ మెసెంజర్స్ బ్యాండు, 1956లో సిల్వర్ విడిపోయిన తరువాత బ్లేకీ చేతిలో మిగిలింది. 1990 అక్టోబరు 16న మరణించేవరకు ఆయన దానిని వదలలేదు.

ఇక వినడానికి కావలసిన ఏర్పాటు. ఫోను స్పీకరులో ఈ సంగీతం వినవద్దు. చిన్న స్పీకరులో బాస్ డ్రమ్ (కాలితో మోగించే పెద్ద డ్రమ్), డబుల్ బాస్ (నిలబెట్టి వాయించే పెద్ద తీగవాద్యం) రెండూ దాదాపు మాయమవుతాయి; కట్టడం పునాది లేకుండా గాలిలో తేలుతున్నట్టు ఉంటుంది. మామూలు ఇయర్‌ఫోన్స్ అయినా చాలు. మరొక సంగతి, వినేంతసేపు సీలింగ్ ఫ్యాన్ ఆపండి. ఫ్యాన్ హోరు సరిగ్గా సింబల్ (పుల్లతో కొట్టే లోహపు పళ్లెం) గుసగుసను కప్పేస్తుంది, మనకు కావలసింది ఆ సింబలే. మన ఉక్కపోతలో మధ్యాహ్నం ఇది సాధ్యం కాదు గనుక తెల్లవారుజామునో, సముద్రపు గాలి తిరిగిన రాత్రివేళో ఎంచుకోండి.

వినడానికి ముందు నోటితో ఒక చిన్న సాధన చేయాలి. జాజ్‌లో సాధారణంగా ఒక ఆవృత్తికి నాలుగు దెబ్బలు. ఒక్కొక్క దెబ్బను మన తిస్రగతిలో లాగా మూడు భాగాలు చేసి, 'తకిట' అనుకోండి. ఇప్పుడు ఒకటో దెబ్బ మీద 'త' మాత్రం పలికి మిగిలిన రెండు అక్షరాలను మనసులో దాటించండి. రెండో దెబ్బ మీద 'త' పలికి, 'కి' మింగి, 'ట' పలకండి. మూడోది ఒకటో దానిలా, నాలుగోది రెండో దానిలా. 'త... త-ట, త... త-ట' అని చేతితో తాళం వేస్తూ నెమ్మదిగా అనగా అనగా, కొంతసేపటికి ఆ చివరి 'ట' తరువాతి దెబ్బలోకి మిమ్మల్ని తోయడం మొదలుపెడుతుంది. ఆ తోపునే స్వింగ్ అంటారు. జాజ్ డ్రమ్మర్ కుడిచేతి పుల్ల పెద్ద సింబల్ మీద, అంటే రైడ్ సింబల్ మీద, పాట పొడుగునా రాసే రాత ఇదే. వేగం బాగా పెరిగినప్పుడు ఈ మూడు భాగాల లెక్క సమంగా సర్దుకుంటుంది గాని, తోపు మాత్రం పోదు.

ఎడమకాలి పని ఇంకొకటి. హై-హ్యాట్ అంటే ఒకదానిపై ఒకటి బోర్లించిన జంట తాళాలు. కాలితో నొక్కితే 'చిక్' అని మూసుకుంటాయి. బ్లేకీ వాటిని రెండో దెబ్బ మీద, నాలుగో దెబ్బ మీద మూస్తారు. ఎవరైనా అంతే చేస్తారు, కానీ ఆయన మూసినంత నిక్కచ్చిగా, కొట్టొచ్చినట్టు మూసేవారు అరుదు. ఉత్తరాంధ్ర పల్లెల్లో తప్పెటగుళ్లు చూసినవారికి ఇది వెంటనే బోధపడుతుంది. ఛాతీకి కట్టుకున్న తప్పెట మీద రెండు చేతులూ ఆడుతుంటే, కాళ్ల గజ్జెలు వేరే ఒక తాళాన్ని నిలబెడుతుంటాయి. గజ్జెలు తడబడితే చేతులకు ఆధారం ఉండదు. బ్లేకీ హై-హ్యాట్ ఆయన గజ్జె.

ఇప్పుడు మొదటి రికార్డు. 1958 అక్టోబరు 30న, న్యూజెర్సీలోని హ్యాకెన్‌సాక్‌లో, ఇంజనీరు రూడీ వాన్ గెల్డర్ తల్లిదండ్రుల ఇంటి ముందుగదిలో, బ్లూ నోట్ అనే రికార్డుల కంపెనీ కోసం రికార్డు చేసిన 'మోనిన్' ఇది. తొమ్మిదిన్నర నిమిషాలు ఉంటుంది. స్వరకర్త పియానిస్టు బాబీ టిమ్మన్స్‌కు అప్పటికి 22 ఏళ్లు, ట్రంపెట్ వాయించిన లీ మోర్గన్‌కు 20. శాక్సఫోన్ బెన్నీ గోల్సన్, బాస్ జిమీ మెరిట్. ఈ నలుగురూ ఫిలడెల్ఫియావారే. పిట్స్‌బర్గ్ మనిషి బ్లేకీ ఒక్కరే. దీనిని నాలుగుసార్లు, నాలుగు వేరువేరు రోజుల్లో వినమని నా సలహా, ఎందుకంటే ఒకే పూట నాలుగుసార్లు వింటే చెవి ట్రంపెట్‌కే అలవాటు పడిపోతుంది.

మొదటిసారి ఏమీ లెక్కపెట్టకుండా వినండి. పియానో ఒక మాట అంటుంది. మిగతావారు రెండు స్వరాలతో బదులిస్తారు. చర్చిలో ప్రార్థన మధ్య జనం 'ఆమెన్' అన్నట్టుంటుంది. మనకైతే బుర్రకథ గుర్తుకు వస్తుంది: కథకుడు ఒక పాదం అనగానే ఇరుపక్కల వంతలు గుమ్మెటలు కొడుతూ 'తందాన తాన' అందుకున్నట్టే. ఎనిమిది ఆవృత్తుల తరువాత పాత్రలు మారతాయి. ఈసారి ట్రంపెట్, శాక్సఫోన్ అడుగుతాయి, పియానో బృందం బదులిస్తుంది. తరువాత ఎనిమిది ఆవృత్తుల వేరే భాగం, మళ్లీ మొదటిది. ఎనిమిది చొప్పున నాలుగు భాగాలు, మొత్తం 32 ఆవృత్తులు. సోలో వాయించేవారందరూ ఈ 32 గదుల ఇంట్లోనే తిరుగుతారు.

రెండోసారి నడుస్తూ వినండి. ఉదయాన్నే ఆర్కే బీచ్ రోడ్డు మీద, కాళీమాత గుడి దగ్గర మొదలుపెట్టి కురుసుర జలాంతర్గామి వైపు నడవవచ్చు. కుడి అడుగు ఒకటో దెబ్బ, ఎడమ అడుగు రెండో దెబ్బ. అప్పుడు బ్లేకీ ఎడమకాలు, మీ ఎడమకాలు ఒకేచోట పడతాయి. ఈ పాట చురుకైన నడకకు సరిపోయే వేగంలోనే ఉంటుంది. కెరటాల హోరు వల్ల సన్నని వివరాలు పోతాయి, నిజమే. కానీ ఆ పూట మీరు నేర్చుకోవలసింది కాళ్లతోనే. ట్రంపెట్ ఎంత ఎగిరినా మీ అడుగు చెదరకపోవడమే ఆ పూట పాఠం.

మూడోసారి ఇంట్లో, ఫ్యాన్ ఆపి, కేవలం కొలికిలను వినండి. సోలోల వరుస ట్రంపెట్, శాక్సఫోన్, పియానో, బాస్. ఒకరు ముగించి మరొకరు అందుకునే చోట, ఎనిమిది ఆవృత్తుల భాగం మారే చోట, డ్రమ్స్ ఏం చేస్తున్నాయో పట్టుకోండి. బ్లేకీ పేరు చెప్పగానే డ్రమ్మర్లు తలచుకునే ప్రెస్ రోల్‌ను ఇలాంటి కొలికిల దగ్గరే వెతకాలి. స్నేర్ డ్రమ్ (అడుగున తీగలు బిగించిన చిన్న డ్రమ్) మీద రెండు పుల్లలను నొక్కిపెట్టి, వాటంతటవే గంతులు వేసేలా వదిలితే, విడివిడి దెబ్బలు కలిసిపోయి ఒకే ఒరవడి అవుతుంది. అది చిన్నగా మొదలై, ఉబ్బి, కొత్త భాగపు మొదటి దెబ్బ మీద విరుచుకుపడుతుంది. వంతపాటకుడు కథకుడిని 'సై' అని పురికొల్పడం లాంటిది అది. బ్లేకీ నాయకత్వమంతా నాకు ఈ ఒక్క దెబ్బలో వినిపిస్తుంది. ఆయన పాటలు రాసి బ్యాండును నడిపినవారు కారు. రాసే పనిని టిమ్మన్స్‌కు, గోల్సన్‌కు, తరువాత శాక్సఫోన్ వాయించే వేన్ షార్టర్‌కు ధారాళంగా వదిలేశారు. కుర్రవాడు సోలోలో తటపటాయిస్తున్నప్పుడు వెనుకనుంచి ఆ రోల్ వస్తే ముందుకు దూకడం తప్ప వేరే దారి ఉండదు.

నాలుగోసారి బాస్ సోలోను మాత్రమే వినండి. అంతసేపు ఉరిమిన మనిషి ఎంతగా వెనక్కి తగ్గుతారో అక్కడ తెలుస్తుంది.

అదే ఆల్బములోని 'బ్లూస్ మార్చ్' కూడా వదలవద్దు. గోల్సన్ రాసిన ఈ పాట కవాతు డ్రమ్‌తో మొదలవుతుంది. నేవీ డే నాడు బీచ్‌లో నావికాదళ బ్యాండు విన్నవారికి ఆ నడక కొత్తగా అనిపించదు. సోలోలు మొదలయ్యాక కవాతు స్వింగ్‌గా ఎలా కరిగిపోతుందో, చివర మళ్లీ ఎలా గట్టిపడుతుందో గమనించండి.

ఆ తరువాత వెనక్కి వెళ్లి, 1954 ఫిబ్రవరి 21న న్యూయార్క్‌లోని బర్డ్‌ల్యాండ్ క్లబ్బులో రికార్డు చేసిన ప్రదర్శన వినండి. ట్రంపెట్ క్లిఫర్డ్ బ్రౌన్, ఆల్టో శాక్సఫోన్ లూ డొనాల్డ్‌సన్, పియానో హోరెస్ సిల్వర్, బాస్ కర్లీ రసెల్. ఇందులో బ్లేకీ మైకు ముందుకు వచ్చి, తాను కుర్రవాళ్లతోనే ఉంటానని, వీళ్లు ముసలివాళ్లయితే ఇంకా చిన్నవాళ్లను తెచ్చుకుంటానని, అలా ఉంటేనే బుర్ర చురుగ్గా ఉంటుందని ప్రేక్షకులతో అంటారు. అప్పటికి ఆయనకు 34 ఏళ్లు. వేదిక మీద మాటవరసకు అన్నట్టే ఉంటుంది గాని, మిగిలిన 36 ఏళ్లూ ఆయన చేసింది అదే. ఫ్రెడ్డీ హబ్బర్డ్, కీత్ జారెట్, వుడీ షా, టెరెన్స్ బ్లాంచర్డ్ వంటివారు ఆయన బ్యాండులో వాయించి, బయటికి వచ్చి సొంత బ్యాండులు నడిపారు. గురువు ఇంట్లో ఉండి నేర్చుకోవడమంటే ఏమిటో తెలిసిన మనం ఈ పరంపరను సులువుగానే అర్థం చేసుకోగలం.

సోలోల దగ్గరికి ఇప్పుడు రండి. 1960లో రికార్డు చేసిన 'ఎ నైట్ ఇన్ ట్యునీషియా' డిజీ గిలెస్పీ రచన. మెసెంజర్స్ వాయింపులో డ్రమ్స్‌దే పెద్ద పీట. టామ్ డ్రమ్ (స్నేర్‌కు ఉండే తీగలు లేని డ్రమ్) మీద స్వరం జారుతున్నట్టు వినిపించే చోట్ల చెవి పెట్టండి. మోచేతిని చర్మం మీద ఆనించి నొక్కుతూ రెండో చేతితో కొట్టి, శ్రుతిని పైకి కిందికి జరపడం బ్లేకీ అలవాటు. మృదంగం ఎడమవైపు అరచేతిని నొక్కి జరుపుతూ నాదాన్ని వంచడం చూసినవారికి ఆ కిటుకు తెలిసిందే. 1964 నాటి 'ఫ్రీ ఫర్ ఆల్' మాత్రం చివరకు ఉంచుకోండి. షార్టర్ శాక్సఫోన్ వెనుక బ్లేకీ అంత జోరుగా వాయించిన రికార్డులు తక్కువ. మొదటిరోజే వింటే గందరగోళంగా తోస్తుంది, నెల తరువాత వింటే ఆ గందరగోళం లోపల హై-హ్యాట్ ఎక్కడా తప్పలేదని తెలుస్తుంది.

ఇంట్లో డ్రమ్స్ నేర్చుకునే పిల్లలుంటే వారికి ఒక్క పని అప్పగించండి. వారం రోజులు చేతులు కట్టుకుని, ఎడమకాలితో మాత్రం రెండు, నాలుగు దెబ్బలు వేస్తూ 'మోనిన్' మొత్తం దాటించమనండి. చెప్పినంత తేలిక కాదు. మధ్యలో ట్రంపెట్ లాక్కుపోతుంది.

ఆఖరి పాఠానికి రెండు రికార్డులు కావాలి. ఒకటి బర్డ్‌ల్యాండ్ 1954. రెండోది 1982 జనవరిలో శాన్ ఫ్రాన్సిస్కోలోని కీస్టోన్ కార్నర్ క్లబ్బులో రికార్డు చేసినది. ఇందులో ట్రంపెట్ వింటన్ మార్సాలిస్, అప్పటికి 20 ఏళ్లవాడు, 1980లో చేరినప్పుడు 18. బ్లేకీకి 62 ఏళ్లు. ఆ చివరి దశలో వినికిడి బాగా తగ్గినా ఆయన వాయిస్తూనే ఉన్నారు. రెండింటినీ వెంటవెంటనే పెట్టుకుని, వేగంగా సాగే పాటను ఒక్కొక్క దానిలోంచి ఎంచుకుని, కళ్లు మూసుకుని ఆ 'చిక్' కోసం మాత్రమే వినండి. మధ్య 28 ఏళ్లు గడిచాయి, వేదిక మీద మిగతావారందరూ మారిపోయారు. ఎడమకాలు రెండుచోట్లా ఎక్కడ పడుతోందో మీ కాలితో వేసి చూడండి.