సంక్రాంతికి కారులో ఊరెళ్తున్నారా? ఓ పాత బస్సు డ్రైవర్ మాట వినండి

హైదరాబాద్–విజయవాడ రోడ్డు మీద చాలా ఏళ్లు బస్సు నడిపాను. వెనక నలభై మంది నన్ను నమ్మి నిద్రపోయేవాళ్లు. మీ కారులో నలుగురే ఉండొచ్చు. కానీ చౌటుప్పల్లోనో నకిరేకల్లోనో రోడ్డు దాటే మనిషికి మీ తొందరతో ఏం సంబంధం?

ముందు ఓ లెక్క చూసుకోండి. సూర్యాపేట నుంచి కోదాడ సుమారు 45 కిలోమీటర్లు. 80లో వెళ్తే 34 నిమిషాలు, 100లో 27. మిగిలే ఆ ఏడు నిమిషాలూ చిల్లకల్లు టోల్ క్యూలో పోతాయి. అంతగా కావాలంటే ఇంటి దగ్గరే ముందు బయల్దేరండి. ఇంట్లో చేసిన ఆలస్యాన్ని రోడ్డు మీద పరాయివాళ్ల దగ్గర వసూలు చేయడం అన్యాయం, నన్నడిగితే.

80లో బండి సెకనుకు 22 మీటర్లు పోతుంది. కాలు బ్రేకు మీదికి వెళ్లేసరికే దాదాపు ఒక సెకను. అందుకే ముందు బండి ఓ కిలోమీటరు రాయి దాటగానే నిదానంగా ఒకటి, రెండు, మూడు అనుకోండి. మూడు అనకముందే మీరు రాయి దగ్గరికొస్తే యాక్సిలరేటర్ మీద కాలు తీయండి. ఆ సందులో ఎవడో దూరతాడు. దూరనివ్వండి, మళ్లీ వెనక్కి తగ్గండి. చాలామందికి ఇక్కడే పౌరుషం పొడుచుకొస్తుంది.

రాత్రిపూట వెనక లైటు లేని ట్రాక్టర్ ట్రక్కులు, పక్కన ఆపేసిన లారీలు ఉంటాయి. మీ లైటు పడే దూరంలోపు బండి ఆగదనిపిస్తే స్పీడు ఎక్కువున్నట్టే. తెల్లవారుజామున కళ్లు మూతలు పడితే టీతో సరిపెట్టకండి. రోడ్డు పక్కన కాదు, బంకులోనో ధాబా దగ్గరో ఆపి ఇరవై నిమిషాలు పడుకోండి.

యూటర్న్ దూరమని రాంగ్ రూట్లో దూరడం గురించి నేను చెప్పక్కర్లేదు, అది తప్పని తెలిసే చేస్తారు.

ఊళ్లో మందు ఉంటుంది. చట్టం హద్దు 100 మిల్లీలీటర్ల రక్తానికి 30 మిల్లీగ్రాములు. ఎన్నో గ్లాసుకి అది దాటుతుందో ఎవరూ చెప్పలేరు. ఆ పూట తాళం తాగని బావమరిదికి ఇచ్చేయండి.

పద్దెనిమిది నిండని మేనల్లుడు "ఒక్క రౌండు మావయ్యా" అంటాడు. ఇవ్వకండి. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ ప్రకారం వాడేదైనా నేరం చేస్తే బండి ఓనరుకో, సంరక్షకుడికో మూడేళ్ల వరకు జైలు, 25 వేల జరిమానా, పైగా బండి రిజిస్ట్రేషన్ ఏడాది రద్దు. అలిగితే అరిసెలు పెట్టి బుజ్జగించండి.